తేదీ అడిగే పెట్టె

ఇమ్మానుయేలు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఏలూరులో ఆయన కొట్టుకి ఏ పాత కంప్యూటర్ వచ్చినా, స్క్రూడ్రైవర్ ముట్టుకునే ముందు దాన్ని తెచ్చిన మనిషిని కూర్చోబెట్టి మాట్లాడించేవారు. పొద్దున దీన్ని ఎలా వేసేవారు, ఏ చప్పుడు చేసేది, ఎక్కడ విసిగించేది అని ఓపిగ్గా అడిగేవారు.

ఆయన దగ్గర ఆరేళ్లుగా పని నేర్చుకుంటున్న గంగరాజుకి ఈ అలవాటు నచ్చేది కాదు. అతను పనిమంతుడే. పాత మెషీన్ల మోడళ్లు చూపుతోనే పోల్చేవాడు. పోల్చగలనన్న గర్వమూ ఉండేది. ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు.

“మాస్టారూ, మోడల్ తెలుసుకోడానికి మనుషుల్ని అడగడం ఎందుకండీ? మనుషులు మర్చిపోతారు. ఒక్కోసారి అబద్ధం కూడా ఆడతారు. పెట్టె మీద రాసే ఉంటుంది కదా.”

మాస్టారు స్క్రూడ్రైవరూ ఒక పవర్ సప్లైయీ సంచిలో వేసుకున్నారు. “బండి తియ్యి. నువ్వు చీటీలు రాసిన గ్రంథాలయానికి వెళ్లొద్దాం” అన్నారు.

పక్క ఊళ్లోని ఆ గ్రంథాలయం వారు తమ పాత కంప్యూటర్లను ఒక గదిలో అందరూ చూసేలా పెట్టారు. రెండు వారాల కిందట గంగరాజు ఒక్క మధ్యాహ్నంలో తొమ్మిది మెషీన్లను పోల్చి, దేని ముందు దాని చీటీ అతికించి వచ్చాడు. వాటిలో ఒకదానిలో ఆ గ్రంథాలయం పదకొండు వేల పుస్తకాల మొదటి జాబితా ఉంది. దాని ముఖాన ‘ఏటీ’ అని మోడల్ పేరున్న బిళ్ల ఉంది కనక గంగరాజు ఏటీ అని రాశాడు. గ్రంథాలయం ఏటీని కొన్నది తొంభైలో. కనకరత్నం అనే గుమాస్తా అక్కడినించి బదిలీ అయింది ఎనభై తొమ్మిదిలో. కాబట్టి జాబితా ఆవిడ తరవాత వచ్చినవాళ్లు చేసిందేనని కార్యదర్శి కామేశం గారు లెక్క తేల్చి, చీటీలో ఆవిడ పేరు లేకుండా చేశారు. రెండేళ్లు కూర్చుని తన చేత్తో ఎక్కించానని ఆవిడ అంటోంది. చూపించడానికి ఆవిడ దగ్గర కాగితం ఏదీ లేదు. తెలియకపోవడం తప్పు కాదు. తెలిసినట్టు రాసి అతికించడం తప్పు. ఆ తప్పు బరువు మాత్రం రాసినవాడి మీద కాక ఇంకొకరి మీద పడుతుంది.

వాళ్లు వెళ్లేసరికి కనకరత్నం గారు ఆ గదిలోనే ఉన్నారు. అరవై దాటిన మనిషి. చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, ఆ పెట్టెకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

“మోడల్ పేరు నాకు తెలీదండీ. ఆ రోజుల్లో మాకు ఇదొక్కటే. కంప్యూటర్ అనేవాళ్లం, అంతే” అన్నారామె.

కామేశం గారు నవ్వారు. “చూశారా మాస్టారూ, రెండేళ్లు పనిచేశానంటుంది, పేరు తెలీదంటుంది.”

మాస్టారు ఆయన వంక చూడలేదు. “అమ్మా, పొద్దున స్విచ్ వేశాక ఇది ముందుగా ఏం చేసేది?”

“తేదీ అడిగేదండీ. రాత్రి ఆపితే చాలు, అన్నీ మర్చిపోయేది. రోజూ ఎనభై జనవరి ఒకటో తారీకున నిద్ర లేచేది. నేను దిద్దేదాన్ని. నెల ముందు, రోజు తరవాత. మా ఆయనకైనా అన్నిసార్లు తేదీ చెప్పలేదు.”

గంగరాజు తల ఎత్తాడు. ఏటీలో చిన్న బ్యాటరీ ఉంటుంది. కరెంటు తీసేసినా లోపలి గడియారం నడుస్తూనే ఉంటుంది. అంతకు ముందు మోడల్ అయిన ఎక్స్‌టీకి ఆ గడియారం లేదు. అయినా అతను వెంటనే ఒప్పుకోలేదు.

“బ్యాటరీ అయిపోతే ఏటీ కూడా అలాగే అడుగుతుందమ్మా.”

“కొత్తగా అట్టపెట్టెలోంచి తీసిన రోజునించీ అంతే బాబూ.”

మాస్టారు స్క్రూడ్రైవర్ తీసి గంగరాజు చేతికిచ్చారు. అతను మూత విప్పాడు. ఏటీలకి ఉండే తాళం ముందువైపు ఉంది. తిప్పితే తిరిగింది. కానీ దాని తీగ లోపల దేనికీ కలపకుండా వేలాడుతోంది. కార్డులు గుచ్చే స్లాట్లు అన్నీ పొట్టివే, ఏటీకి ఉండే పొడుగువి ఒక్కటీ లేవు. బ్యాటరీ లేదు, అది ఉండాల్సిన చోటూ లేదు. ఏటీ మూత తొడుక్కున్న ఎక్స్‌టీ అది.

కామేశం గారు కాసేపు మూతని అటూ ఇటూ తిప్పి చూశారు. తరవాత గొంతు తగ్గించి, “వాన కారి దీని మూత తుప్పు పట్టింది. పాడైపోయిన ఏటీ మూత తీసి దీనికి వేయించాం. నేనే వేయించాను. గుర్తు లేదు” అన్నారు.

మాస్టారు లోపల దుమ్ము తుడిచి, వెంట తెచ్చిన పవర్ సప్లై కలిపి స్విచ్ వేశారు. చాలాసేపు గరగరమన్నాక ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. ఎనభై జనవరి ఒకటి అని చూపించి, సరైన తేదీ ఏమిటని అడిగింది. కామేశం గారు తప్పంతా దిద్దేవాడిలా ముందుకు వంగి కీబోర్డు మీద చెయ్యి వేయబోయారు. మాస్టారు ఆ చేతిని మెల్లగా పక్కకు తప్పించి, కనకరత్నం గారి కుర్చీని దగ్గరికి జరిపారు.

ఆవిడ కళ్లజోడు సర్దుకున్నారు. నెల ముందు, రోజు తరవాత కొట్టారు. “ఇంకా మారలేదు నువ్వు” అన్నారు పెట్టెతో.

జాబితా ఫైళ్లు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. ప్రతిదాని పక్కనా దాన్ని ఎక్కించిన రోజు తేదీ ఉంది. ఎనభై ఏడు మార్చి, ఏప్రిల్, జూన్. తరవాత ఎనభై ఎనిమిది. కింది దాకా చూసినా జనవరి ఒకటో తారీకు ఒక్కటి కూడా లేదు. ఆవిడ ఒక్క పొద్దున కూడా తేదీ దిద్దకుండా పని మొదలుపెట్టలేదు.

గంగరాజు తను రాసిన చీటీ తనే పీకేశాడు. కొత్తది రాసి, పేరు ఇంటిపేరుతో సహా అడిగి, అక్షరం అక్షరం ఆవిడకి చూపించాకే అతికించాడు.

తిరుగుదారిలో బండి గంగరాజే నడిపాడు. ఊరు కనిపిస్తుండగా, “మాస్టారూ, నేను పొద్దున అడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు” అన్నాడు.

వెనక కూర్చున్న మాస్టారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

“అది ఉత్త మెషీనే కదరా. అయినా రోజూ పొద్దున్నే ముందు ఆవిణ్ణే అడిగేది.”