చెరపని ఇసుక పలక

అనగనగా కుముదపురమనే రాజ్యం. అక్కడి రాజుగారికి లెక్కలంటే మహా ఇష్టం, చెయ్యడం మాత్రం రాదు. అందుకని ఏటి గట్టున ఒక గణిత విద్యాపీఠం కట్టించాడు.

అక్కడి విద్యార్థులు ఇసుక పరిచిన పలకల మీద వేలితో లెక్కలు చేసేవారు. గురువు భానుశర్మ వస్తున్నాడనగానే, లెక్క తప్పినవాళ్లంతా అరచేత్తో ఇసుక చదును చేసేసేవారు. తప్పు కనబడితే పరువు పోతుందని వాళ్ల భయం. దాంతో ఆయనకు ఒప్పులూ ఖాళీ పలకలూ తప్ప మరేమీ కనిపించేవి కావు. శిష్యులంతా ఘనులేనని మురిసిపోయేవాడు, పరీక్ష వచ్చేదాకా.

చెరపడంలో మకరందుడు అందరికన్నా చురుకు. మొదటి పరీక్ష తప్పాడు. రెండోదీ తప్పాడు. మూడోదీ తప్పితే ఇంటికి పోవాలని పీఠం నియమం. గ్రహణాలు లెక్కకట్టే పై తరగతికి వెళ్లాలని అతనికి చిన్ననాటి నుంచీ ఆశ. ఇప్పుడు దిగులు పట్టుకుంది.

ఒకనాడు గట్టు వాలులో ఉన్న తాటిచెట్టు ఎత్తు కనుక్కోమన్నారు గురువుగారు. పద్ధతి తెలిసిందే. కర్ర నిలబెట్టి, దాని నీడ కర్రకు ఎన్ని రెట్లుందో చూడాలి. చెట్టు నీడను అన్ని భాగాలు చేస్తే ఒక భాగమే చెట్టు ఎత్తు. అందరూ ముంగిట్లో చదును నేల మీద కర్ర నిలబెట్టి, వాలులో చెట్టు నీడ కొలిచారు. చెట్టు గోపురమంత ఎత్తు తేలింది. విరూపుడనే తెలివైనవాడు గబుక్కున పలక చెరిపి, పోయినేటి వాళ్లు చెప్పిన జవాబు రాసి కూర్చున్నాడు.

గురువుగారు వచ్చారు. అరచేతులన్నీ కదిలాయి, మకరందుడిది తప్ప.

“చెరపలేదేం నాయనా?”

“ఎక్కడ తప్పిందో నాకు తెలియలేదు గురువుగారూ. చెరిపేస్తే మీకూ తెలియదు.”

భానుశర్మ జవాబు చెప్పకుండా అతన్ని వాలులోకి తీసుకుపోయాడు. వెనకాలే కొందరు వెళ్లారు. కర్ర అక్కడా ఇక్కడా పాతి వాదించుకున్నారు. చెట్టు నీడ వాలు వెంట సాగిందనీ, కర్రనూ అదే వాలులో నిలబెట్టాలనీ చివరికి మకరందుడే కనిపెట్టాడు. ఆనాటి నుంచి వాళ్లు చెరపని పలకలు ముందేసుకుని కలిసి చదివారు. విరూపుడు అదంతా కాలక్షేపమనుకున్నాడు.

మూడో పరీక్ష వచ్చింది. గుట్ట వాలున రాజుగారి కొత్త ధ్వజస్తంభం ఎత్తు చెప్పాలి. విరూపుడు సూత్రం తడుముకోకుండా చదివి, చదును నేల మీద కర్ర పాతాడు. మకరందుడు కర్ర పట్టుకుని గుట్టెక్కాడు. పైనుంచి తాడు వదిలి కొలిస్తే మకరందుడి లెక్కే నిలిచింది. అతనికి పై తరగతి దక్కింది.

విరూపుడు తలవంచుకున్నాడు. “ఈ తప్పు నాకు తాటిచెట్టు నాడే వచ్చింది గురువుగారూ.”

“మరి ఏం చేశావు?”

“చెరిపేశాను.”

దాచుకున్న తప్పు మళ్లీ వస్తుంది; నలుగురి ముందు పెట్టి అడిగిన తప్పు చదువు నేర్పి పోతుంది.