ముడుపులో నక్షత్రం

మా గురువుగారు నౌడూరి సోమయాజులుగారిది ఒక వింత పద్ధతి. ఎవరేం అడిగినా మొదటిసారికి జవాబు చెప్పేవారు కాదు. మళ్ళీ అడిగితే వక్కలు కత్తిరించుకుంటూ "ఊఁ" అనేవారు. మూడోసారి అడిగితే గాని తలెత్తేవారు కాదు. "ముందు అడిగేది ఊళ్ళోవాళ్ళ ప్రశ్న, తరవాత అడిగేది పుస్తకంలో ప్రశ్న. కాస్త ఓపిక పడితే గాని వాడి సొంత ప్రశ్న బయటికి రాదు" అనేవారు. విజయనగరంలో సాయంత్రాలు ఆయన దగ్గర తర్కం చదువుకోడానికి వెళ్ళే నలుగురైదుగురిలో నేనొకణ్ణి, కూర్మనాథం ఒకడు.

కూర్మనాథం హైస్కూల్లో లెక్కల మాస్టారు. మనిషి వెన్న, కానీ నాణేల పిచ్చి. ఆ పిచ్చి ఎక్కినవాడికి రూపాయి కనిపిస్తే బొమ్మ చూడడు, బొరుసు చూడడు, సంవత్సరం అంకె కింద ఏముందో చూస్తాడు. అక్కడ బుల్లి నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకశాలలో అచ్చయిందట. వజ్రం ఆకారం ఉంటే బొంబాయిట. ఏ గుర్తూ లేకపోతే కలకత్తాట. ఒకానొక ఏడాది రూపాయల్లో బొంబాయిదీ కలకత్తాదీ వాడి దగ్గర ఉన్నాయి, నక్షత్రంది లేదు. ఆ ఏడాది నక్షత్రాలు చాలా తక్కువ పడ్డాయని వాడి నమ్మకం. అది ఏ ఏడాదో మాత్రం నేను చెప్పను, చెబితే మీరు ఇంట్లో పోపులడబ్బాలన్నీ బోర్లిస్తారు. ముఖమల్ గుడ్డ పరిచిన పెట్టెలో మూడో గుంట ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండిపోయింది. పాపం, దాని మీద దుమ్ము కూడా పడనిచ్చేవాడు కాదు.

ఒకనాడు వాడు వస్తూనే రెండు రూపాయి బిళ్ళలు, ఒక కొత్త గుడ్డ ముక్క గురువుగారి ముందు పెట్టాడు. "గురువుగారూ, ఒకటే ఏడాది, ఒకటే తూకం, ఒకటే ప్రభుత్వం. ఒకదాని మీద ఆవగింజంత గుర్తుంది, రెండోదాని మీద లేదు. ఆ గుర్తు వల్ల విలువ పెరుగుతుందంటారా?" అన్నాడు.

గురువుగారు పలకలేదు.

వాడు కొంచెం ఆగి, ఈసారి చదువుకున్న భాషలో అందుకున్నాడు. రూపాయిత్వం అనే జాతి రెండింటిలోనూ సమానంగా ఉన్నప్పుడు, ఒక చుక్క వల్ల భేదం ఎలా వస్తుందండీ అన్నాడు. గురువుగారు "ఊఁ" అన్నారు. అడకత్తెర టక్కుమంది.

అప్పుడు వాడి గొంతు దిగింది. "ఇది మా వదిన ముడుపండీ" అన్నాడు.

సంగతి ఇదీ. వాళ్ళ వదిన సన్యాసమ్మ, అన్న పోయాక ఆ ఇంటిని నెట్టుకొచ్చిన మనిషి. వీణ్ణి కూడా ఆవిడే పెంచిందనాలి. ఆవిడ కొడుకు చిన్నతనంలో జ్వరమొచ్చి తెలివి తప్పి పడి ఉంటే, సింహాద్రి అప్పన్నకు మొక్కుకుని రూపాయి బిళ్ళ పసుపుగుడ్డలో కట్టింది. పిల్లాడు లేచి తిరిగాడు. మొక్కు మాత్రం ఏటికేడాదీ ఏదో ఒక అడ్డుతో వెనకపడుతూ వచ్చింది. ఇప్పుడు వాడు మీసాలు దువ్వుకునే ఈడువాడు. వచ్చే ఆదివారం అందరూ కొండకు వెళ్ళాలని అనుకున్నారు. తీరా ముడుపు తీసి చూస్తే గుడ్డ పురుగు కొట్టేసి ఉంది. "కొత్త గుడ్డ కొని, సోమయాజులుగారి చేత రెండు మంత్రమ్ముక్కలు చదివించి కట్టించుకురా" అని ఆవిడ మరిదికి ఇచ్చింది. ఇచ్చిన బిళ్ళ మీద వీడికి నక్షత్రం కనిపించింది.

"రెండోది నాదండీ, ఇలాంటిది నా దగ్గర ఇంకోటుంది. వదినకు తేడా తెలీదు. దేవుడికి రూపాయంటే రూపాయే కదా" అన్నాడు కూర్మనాథం. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "అయినా అప్పన్నస్వామి ఏడాది పొడుగునా చందనంలో మునిగి ఉంటాడు. సంవత్సరం కింద నక్షత్రం ఉందో లేదో ఆయనేం చూస్తాడండీ?"

నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. గురువుగారు కూడా నవ్వారు. ఆ పెట్టెలో ఖాళీ గుంట గురించి నాకు తెలుసు గనక వాడి మీద కోపం రాలేదు, నిజం చెప్పొద్దూ, మార్చేసుకోనీ అని కూడా అనిపించింది. గురువుగారు అడకత్తెర పక్కన పెట్టి, ఉత్తరీయం భుజాన వేసుకుని లేచారు. "మీ వదిన చేతి మజ్జిగ తాగి చాలా రోజులైంది, పద" అన్నారు. నన్ను రమ్మనలేదు. నేనే వెళ్ళాను, అలాంటప్పుడు ఎవడైనా కూర్చుంటాడా?

సన్యాసమ్మగారు గుమ్మంలోనే ఎదురొచ్చి, కాళ్ళకు నీళ్ళిచ్చి, వాము వేసిన మజ్జిగ తెచ్చింది. గురువుగారు తాగి, గ్లాసు కింద పెట్టి, "అమ్మా, మీ మరిది మీకొకటి చూపిస్తాడట" అన్నారు. కూర్మనాథం ముఖం పాలిపోయింది. అయినా చేసేదేముంది? జేబులోంచి భూతద్దం తీసి, బిళ్ళ ఆవిడ అరచేతిలో పెట్టి, హైదరాబాదూ బొంబాయీ కలకత్తా అన్నీ చెప్పుకొచ్చాడు. చెప్పడం మొదలెట్టాక వాడికి భయం కూడా పోయింది. నాణేల మాటంటే వాడికి అంత ఇష్టం.

ఆవిడ అద్దం దగ్గరికీ దూరానికీ జరుపుకుంటూ, వెలుతురు కోసం గుమ్మం దాకా వెళ్ళి మరీ చూసింది.

"ఏటిరా కూర్మం, నిజంగా చుక్కే! ఇన్నాళ్ళూ ఇక్కడే ఉందేటి ఇది?"

"ఉంది వదినా. ఆ ఏడాది ఇలాంటివి చాలా అరుదు. వెతుక్కుంటూ తిరిగేవాళ్ళున్నారు."

ఆవిడ గుమ్మంలోనే కూలబడింది. కళ్ళ నిండా నీళ్ళు. గురువుగారి వైపు తిరిగి, "బాబూ, మీకు చెప్పడానికేటి, నాకు ఇన్నేళ్ళూ మనసులో పీకుతూనే ఉండేది. పిల్లాడి ప్రాణం అడిగి, చేతికందిన ఒక్క రూపాయితో ఆయనకి సరిపెట్టేశానే అని. ఒళ్ళు కాలిపోతుంటే ఏది ఏ రూపాయో ఎవరు చూస్తారు? అయితే నేను మంచిదే కట్టానన్నమాట!" అంది. చిన్నపిల్లలా నవ్వుతోంది, ఏడుస్తోంది.

కూర్మనాథం తల వంచుకున్నాడు. గురువుగారు వాడికేసి చూశారు. వాడు తన రూపాయి తీసి పట్టుకుని, మాట మింగుతూ, చివరికి అడిగేశాడు. "వదినా, దీని బదులు ఇది వేస్తే... నా పెట్టెలో అదొక్కటే తక్కువైంది."

ఆవిడకు కోపం రాలేదు. రెండు బిళ్ళలూ చెరో అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసింది. ఈ ఇంట్లో వాడు అడిగింది ఆవిడ కాదనడం నేనెన్నడూ వినలేదు.

"నిన్న అడిగినా ఇచ్చేసేదాన్ని నాయనా. చూపించేశావు కదా, ఇంకెలా ఇవ్వను?" అంది.

గురువుగారు గుడ్డ అందుకుని పసుపు రాశారు. నక్షత్రం ఉన్న బిళ్ళ అందులో పెట్టి, నాలుగు మంత్రాలు చదివి, కొసలు కూర్మనాథం చేతికిచ్చి ముడి వెయ్యమన్నారు. వాడు వేశాడు. గట్టిగానే వేశాడు. ఆవిడ ముడుపు కళ్ళకద్దుకుని దేవుడి గూట్లో పెట్టి, మరిది తల నిమిరి, వెళ్ళేముందు ఇంకో గ్లాసు మజ్జిగ తాగమని బలవంతం చేసింది.

ముగ్గురం సందులోంచి తిరిగి బయల్దేరాం. కూర్మనాథం తన రూపాయిని జేబులోకి తోస్తూ, మళ్ళీ పైకి తీస్తూ నడుస్తున్నాడు. వాడికి బాధగా ఉంది, అది దాచుకోవడం కూడా చేతకావడం లేదు. అయినా తర్కం చదివిన ప్రాణం కదా, ఊరుకోదు.

"గురువుగారూ, నేనడిగినదానికి మీరు జవాబు చెప్పనేలేదు. ఇంతకీ ఆ గుర్తు వల్ల విలువ పెరిగినట్టా, పెరగనట్టా?"

ఈసారి గురువుగారు మూడోసారి దాకా ఆగలేదు.

"పెరిగిందయ్యా. పెరిగింది గనకే నీకు దక్కలేదు" అన్నారు.