పాప కథ చెప్పిన పూట

విరూపాక్షయ్యగారిని ఏది అడిగినా జవాబు అప్పటికప్పుడు దొరికేది కాదు. "రేపోసారి రా" అనేవారు. ఆ రేపు వచ్చేసరికి ఆయన ఇంట్లో ఏదో ఒక పని జరుగుతూ ఉండేది. వచ్చినవాడు అందులో ఓ చెయ్యి వేసి, తన జవాబు తానే ఏరుకుని వెళ్లేవాడు. గోదావరి నడుమ ఆ లంకలో ఆయన దగ్గర వ్యాకరణం చదువుకున్నవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. తెలిసికూడా సోమనాథం ఆ సాయంత్రం ఆగలేకపోయాడు.

"గురువుగారూ, పసిబిడ్డకి భాష నేర్పడం ఏ మాటతో మొదలుపెట్టాలి?"

అడిగినవాడికి అది శాస్త్రచర్చ కాదు. కూతురు గిరిజకి రెండో ఏడు నిండవస్తోంది. ఇంతవరకూ ఒక్క మాట లేదు. చెవులు బాగానే ఉన్నాయి, గిన్నె కింద పడితే తిరిగి చూస్తుంది. నోరే పెగలదు. "పిల్ల మాటలు నేర్చిందా?" అని రోజూ అడిగే ఇరుగుపొరుగు ఈమధ్య అడగడం మానేశారు. అదే అతన్ని మరీ కుంగదీసింది.

తన వైపునుంచి లోపమేమీ చెయ్యలేదని అతని నమ్మకం. బిడ్డ పుట్టిన నాడే ఇంట్లో ఒక కట్టడి పెట్టాడు. పిల్ల ముందు అపశబ్దం పలకరాదు. బువ్వ లేదు, అన్నమే. లాల లేదు, స్నానమే. జోజో అన్నా తప్పే. పొద్దున్నే పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, చెంబు చూపించి, "చెంబు. అనమ్మా, చెంబు" అనేవాడు. పిల్ల అతని పెదవులకేసి చూసి, చెంబుకేసి చూసి, బుడిబుడి అడుగులతో వంటింట్లోకి పోయేది. అతని తల్లి తాయారమ్మ అయితే, ఏ మాట జారి కొడుకు చేత చీవాట్లు తినాల్సి వస్తుందోనని, మనవరాలిని ఎత్తుకున్నంతసేపూ నోరు బిగించుకునే తిరిగేది.

గురువుగారు అంతా విన్నారు. "రేపు మా ఇంట్లో అప్పడాలు ఒత్తుతున్నారు. పిల్లనీ మీ అమ్మగారినీ తీసుకురా," అన్నారు.

మర్నాడు వెళ్లేసరికి పంచ నిండా చాపలు పరిచి ఉన్నాయి. గురుపత్ని మాణిక్యాంబగారూ, వీధిలో ఆడవాళ్లూ పీటలు వేసుకుని అప్పడాలు ఒత్తుతున్నారు. చేతులు ఎంత జోరుగా ఆడుతున్నాయో నోళ్లూ అంతే. గిరిజని పిండి పళ్లెం పక్కన దింపగానే ఒకావిడ నూనె అద్దిన చిన్న ముద్ద దాని నోట్లో పెట్టి, "ఆం తిను తల్లీ," అంది. సోమనాథం మొహం ముడుచుకుంది. గురువుగారి ఇంట్లో ఏమనగలడు?

అంతలో వాకిట్లో ఆరబెట్టిన అప్పడాల మీద కాకి వాలింది. ఒకటి ముక్కున కరుచుకుని గోడెక్కి, అక్కణ్నుంచి ఎగిరిపోయింది. అందరూ హుష్ హుష్ అన్నారు. ఈ ఏటి తొలి అప్పడం దాని నోటికే రాసిపెట్టి ఉందని నవ్వుకుని మళ్లీ పనిలో పడ్డారు. గిరిజ మాత్రం లేచి నిలబడింది. గోడకేసి చెయ్యి చాచి, కళ్లింతలు చేసుకుని, "త్తత్త... బ్బా... త్తా..." అంటూ మాణిక్యాంబగారికి ఏదో చెప్పడం మొదలుపెట్టింది.

ఆవిడ చేతిలో అప్పడాల కర్ర ఆగలేదు. "ఊఁ," అంది.

పిల్ల ఓ క్షణం ఆగి, ఇంకాస్త చెప్పింది.

"ఊఁ. ఎత్తుకుపోయిందా దొంగకాకి? పోయిందా?"

మళ్లీ ఇంకాస్త. ఈసారి తాయారమ్మకి ఉండబట్టలేదు. కొడుకు వైపు చూడకుండా, "ఆ తరవాతో, నా బంగారూ?" అంది. పిల్ల గిరుక్కున తిరిగి, నాయనమ్మ మోకాళ్ల మీద చేతులు వేసి, కథంతా మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది.

సోమనాథం ఆశ పట్టలేక ముందుకు వంగాడు. "కాకి. అనమ్మా, కా...కి."

గిరిజ నోరు మూతపడింది. ఇంట్లో చూసినట్టే అతని పెదవులకేసి చూస్తూ ఉండిపోయింది. పంచలో కర్రల చప్పుడు ఒక్కటే మిగిలింది.

గురువుగారు ఒక పీటా, కర్రా, పిండి ఉండా అతని ముందుకు జరిపారు. చేసేది లేక ఒత్తడం మొదలుపెట్టాడు.

"సోమనాథం బాబూ, అప్పడం అచ్చం మన లంకలాగే వస్తోందే," అంది పక్కావిడ. "వరదకి కోసుకుపోయిన మూలతో సహా."

అందరూ నవ్వారు. అతను సిగ్గుపడి తల వంచుకుని, ఆ మూల సరిచెయ్యడంలో మునిగిపోయాడు. కాసేపటికి భుజం మీద చిన్న చెయ్యి పడింది. చెవి దగ్గర అదే గోల, అదే త్తత్త. అతను పిండిమీదనుంచి చూపు తిప్పకుండానే, తనకి తెలియకుండానే, "ఊఁ," అన్నాడు.

గోల ఆగింది. ఏమైందోనని తల తిప్పాడు. ఈసారి పిల్ల చూపు తిన్నగా అతని కళ్లలో ఉంది.

"కాకీ... పోయీ," అంది గిరిజ.

కర్రలన్నీ ఆగిపోయాయి. తాయారమ్మ పిండి చేత్తోనే కళ్లు తుడుచుకుంది.

"గురువుగారూ," అన్నాడు సోమనాథం, "ఈ మాట దీనికి ఎవరు నేర్పారండీ?"

విరూపాక్షయ్యగారు అతని వంకర అప్పడాన్ని జాగ్రత్తగా ఎత్తి ఎండలో వేస్తూ అన్నారు:

"అది తరవాత చూద్దాం. ముందు ఊ కొట్టవయ్యా, పిల్ల కథ మధ్యలో ఉంది."