కుదువపడ్డ రాజభాగం

పూర్వం చెంగలకోన అనే చిన్న రాజ్యం ఉండేది. దాన్ని గజభూపాలుడనే రాజు ఏలేవాడు. ఏ వస్తువునైనా ఒక్క చూపు చూసి వెల చెప్పగలనని ఆయనకు గొప్ప గర్వం. రత్నం చూపిస్తే రత్నానికి, గుర్రం చూపిస్తే గుర్రానికి అక్కడికక్కడే వెల కట్టేవాడు. తప్పని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు గనుక ఆయన చెప్పిందే వెల అయి కూర్చునేది.

ఆ కొలువులో తిప్పన అనే చమత్కారి ఉండేవాడు. రాజుకు విసుగు పుడితే నవ్వించడం, పొరుగు దూతలు వస్తే వాళ్ల మాటకు ఎదురుమాట చెప్పడం అతని పని.

ఒక ఏడు వానలు పడలేదు. మరుసటి ఏడూ పడలేదు. జనం ఇళ్లలో ఉన్న నగానట్రా పట్టుకుని పొరుగు రాజ్యపు షావుకార్ల దగ్గర కుదువబెట్టి గింజలు తెచ్చుకోసాగారు. నా ప్రజల బంగారం పరాయి పెట్టెల్లోకి పోవడమేమిటని రాజుకు రోషం వచ్చింది. కోటగుమ్మం పక్కనే తానే ఒక కుదువ కొట్టు తెరిపించి, సూరప్ప అనే అధికారిని అందులో కూర్చోబెట్టాడు. వాకిట్లో రాతిపలక మీద షరతులు చెక్కించాడు. ఎవరు ఏది తెచ్చినా కాదనకుండా వెల కట్టి, అందులో సగం ఇస్తారు. తీసుకున్నది వడ్డీతో సహా కట్టనిదే వస్తువు గడప దాటదు. ఏడాది గడిస్తే ఆ వస్తువు రాజుదే.

కొత్తలో జనం జంకారు. వాళ్లను రప్పించేలా ఒక మాట కట్టమని రాజు తిప్పనకు చెప్పాడు. తిప్పన పెద్దగా ఆలోచించలేదు. నోటికొచ్చినట్టు కట్టి ఇచ్చాడు. “ఇంట్లో దాచింది దొంగది, రాజు దగ్గర దాచింది మనది.” దండోరావాళ్లు ఆ మాటను ఊరూరా చాటారు. భలే ఉందని జనం నవ్వుకున్నారు. నవ్వుకుంటూనే వచ్చారు.

కొట్టు తెరిచిన మొదటి ఏడు కమ్మలు, గాజులు, కడియాలు వచ్చాయి. రెండో ఏడు ఇత్తడి బిందెలు, గంగాళాలు వచ్చాయి. మూడో ఏడు వచ్చేసరికి ఇళ్ల తలుపులు ఊడదీసి మోసుకొచ్చారు. ఆ తరువాత నాగళ్లు, గొర్రులు, పలుగులు, పారలు వచ్చాయి. వాన లేనప్పుడు నాగలితో పనేముంది అనుకున్నారు పాపం.

రాజు ప్రతి శుక్రవారం కొట్టుకు వెళ్లి ఆ కుప్పల నడుమ ఆసనం వేయించుకుని కూర్చునేవాడు. నా రాజ్యం ఎంత కలిగినదో చూడమని వచ్చినవాళ్లకు చూపించేవాడు. మొదట్లో తిప్పన కూడా పక్కన నిలబడి నవ్వేవాడు. తలుపులు రావడం మొదలయ్యాక అతను ఆ వాకిటివైపు పోవడం మానేసి, చుట్టు తిరిగి వెనక గుమ్మంలోంచి కోటకు వెళ్లసాగాడు.

ఆ మూడో ఏడే జ్యేష్ఠం చివర వాన పడింది. మూడు రోజులు ఎడతెగకుండా కురిసింది. జనం వాకిళ్లలో నిలబడి తడిశారు, ఏడ్చారు. నాలుగో రోజు తెరిపి ఇచ్చాక, చేతిలో నాగలి లేదన్న సంగతి గుర్తొచ్చింది.

వానకు నానిన మెట్టభూమిలో దున్నేందుకు తగిన పదును పది పన్నెండు రోజులకు మించి ఆగదు. ఆలోపు దున్ని విత్తనం వేయకపోతే ఆ ఏడూ పోయినట్టే. ఊళ్ల పెద్దలు సూరప్ప దగ్గరికి వెళ్లి, నాగళ్లు పది రోజులకు అరువిస్తే దున్నుకుని తెచ్చి అప్పగిస్తామని బతిమాలారు. సూరప్ప చెడ్డవాడేమీ కాదు. కానీ భయస్తుడు. ఆయన తలెత్తకుండా వాకిట్లోని రాతిపలక వైపు చెయ్యి చూపించాడు.

రాళ్లగడ్డ అనే పల్లెలో ఈరమ్మ అనే ఆడమనిషి ఉండేది. రెండో ఏడు కూలి వెతుక్కుంటూ దేశాంతరం పోయిన మొగుడి నుంచి మళ్లీ కబురు లేదు. ఆమె చేనికి ఆనుకుని ఓబయ్య అనే ముసలాయన చేను. ఆయనకు డెబ్బై దాటాయి. వాన వెలిశాక ఆయన ఎవరి కోసమూ చూడలేదు. ఒక తుమ్మకర్ర చెక్కి మొన తీసి, దానితోనే చేను గీరుతూ పోయాడు. వద్దు తాతా అని ఈరమ్మ ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఆ చాలులోనే బోర్లా పడి, మళ్లీ లేవలేదు.

మరుసటి రోజు ఈరమ్మ నడుచుకుంటూ నగరానికి వచ్చి తిప్పన ఇల్లు అడిగి కనుక్కుంది. అతను అప్పుడే భోజనానికి కూర్చోబోతున్నాడు. ఆమె గడప అవతలే నిలబడింది.

“రాజు దగ్గర దాచింది మనది అనే మాట కట్టింది తమరేనా సామీ?” అని అడిగింది.

తిప్పన అవునన్నాడు.

“మా ఓబయ్య తాతకు ఆ మాట భలే నచ్చింది. పార కుదువబెట్టడానికి వచ్చేటప్పుడు దారి పొడుగునా అదే అనుకుంటా వచ్చినాడు.”

ఆయన పోయిన సంగతి చెప్పింది. పాతిపెట్టడానికి ఊళ్లో ఒక్క పార కూడా దొరక్క, నలుగురూ పగిలిన కుండపెంకులతో గుంట తీశారనీ, పొద్దుగూకే దాకా తీసినా మోకాలి లోతే అయిందనీ చెప్పింది. తిట్టలేదు, శాపం పెట్టలేదు. ఆ మాట కట్టినవారు గనుక నాగలి ఇప్పించే మాట కూడా తమకే తెలిసి ఉంటుందని వచ్చానంది.

తిప్పన ఆ పూట భోజనానికి కూర్చోలేదు. ఈరమ్మకు అన్నం పెట్టించి, తన భార్య దగ్గర ఉంచి, చుట్టుపక్కల పల్లెలకు మనుషులను పంపాడు. మరునాడు శుక్రవారం.

ఆ శుక్రవారం రాజు కొట్టులో కూర్చుని ఉండగా తిప్పన వచ్చి దండం పెట్టాడు. ఇన్నాళ్లకు దారి తెలిసిందా అని రాజు ఎత్తిపొడిచాడు. కుదువకు ఒక వస్తువు తెచ్చాననీ, దాని వెల కట్టడం మాత్రం ఏలినవారి వల్ల కూడా కాదేమోననీ తిప్పన అన్నాడు. రాజు మొహం ఎర్రబడింది.

“నేను వెల కడితే?”

“నా ఇల్లూ వాకిలీ వదిలేసి ఈ రాజ్యం దాటిపోతాను.”

“కట్టలేకపోతే?”

“అప్పుడు ఏం చేయాలో ప్రభువులకే తోస్తుంది” అన్నాడు తిప్పన.

తరువాత అతను ఈరమ్మను ముందుకు పిలిచాడు. ఆమె చేతుల్లో ఏమీ లేదు. తిప్పన చెప్పిన ప్రకారం ఆమె నేల చూస్తూనే, ఈ ఏడు తన చేలో పండే పంటలో రాజుగారికి చెందే ఆరో వంతును కుదువబెట్టడానికి వచ్చానని చెప్పింది.

సూరప్ప తెల్లబోయాడు. రాజు మాత్రం చిరాకు పడ్డాడు. ఆ ఆరో వంతు తనదేననీ, తనది తనకే కుదువబెట్టడం ఎక్కడి చోద్యమనీ అన్నాడు.

“మీదే ప్రభూ, కాదనలేదు. కానీ అది ఇప్పుడు ఈమె చేతిలో ఉంది. ఎవరు ఏది తెచ్చినా కాదనకుండా వెల కడతామని పలక మీద రాయించింది తమరే” అన్నాడు తిప్పన.

రాజు గర్వం రాజును ఊరుకోనివ్వలేదు. చేను ఎంత, నేల ఎర్రదా నల్లదా, కొర్రలా జొన్నలా అని అడిగి, కళ్లు మూసి తెరిచి, తన భాగం పన్నెండు తూముల జొన్నలని తేల్చేశాడు. తిప్పన పని అయిపోయిందని కొందరు గుసగుసలాడుకున్నారు.

“పన్నెండు తూములు దేనితో దున్నితే పండుతాయి ప్రభూ?”

“నాగలితో.”

“ఈమె నాగలి ఎక్కడ ఉంది?”

రాజు వెనక్కి తిరిగి చూశాడు. ఆయన ఆసనం వెనక, గోడ పొడుగునా, కప్పు దాకా నాగళ్లు పేర్చి ఉన్నాయి.

ఆయన ఇటు తిరిగి, అలాగైతే దాని వెల సున్న అన్నాడు.

“సరే, సూరప్పగారి చేత సున్న అని రాయించి ముద్ర వేయించండి. బయట ఇంకా నాలుగు వందల మంది నిలబడి ఉన్నారు. అందరూ తెచ్చింది ఇదే వస్తువు. సాయంత్రానికి ఈ ఏడు చెంగలకోన మొత్తానికి రాజభాగం సున్న అని మీ ముద్రతోనే తేలిపోతుంది. అలా కాదు, పన్నెండు తూములే అంటారా, అందులో సగం ఒక్కొక్కరికీ ఇవాళే కొలిపించి ఇవ్వాలి. మీకు రావలసిన దానికి మీరే ఎదురిచ్చినట్టవుతుంది.”

రాజు కిటికీలోంచి బయటికి చూశాడు. జనం నిజంగానే నిలబడి ఉన్నారు. వాళ్లు అరవడం లేదు, కదలడం లేదు. ఒట్టి చేతులతో బురదలో నిలబడి ఉన్నారు, అంతే.

తిప్పన గొంతు తగ్గించాడు. అతని మాటలో ఎప్పుడూ ఉండే వేళాకోళం లేదు.

“ఆ నాగళ్ల కింద మీ పంటే కుదువలో ఉంది ప్రభూ. మా వస్తువులు విడిపించుకునే శక్తి మాకు లేదు. మీది మీరు విడిపించుకోండి.”

నిండుకొలువులో ఇరుక్కున్న రాజుకు రెండే దారులు. కోపగించుకుంటే ఓడినట్టు. నవ్వితే ఓటమి కూడా ఉదారతే అనిపించుకుంటుంది. ఆయన అంత మాత్రం ఎరుగును. అందుకని నవ్వాడు. ముందు మెల్లగా, తరువాత పొట్ట పట్టుకుని నవ్వాడు. కొలువువాళ్లూ నవ్వారు. ఈరమ్మ నవ్వలేదు. ఎందుకు నవ్వుతున్నారో ఆమెకు తెలియలేదు.

సొమ్ము కట్టనిదే వస్తువు గడప దాటకూడదన్న షరతు పోకుండా, రాజు ఆ బాకీ మొత్తం తన బొక్కసంలోంచి తీయించి తన కొట్టు పెట్టెలోనే వేయించాడు. సూరప్ప దాన్ని ఎంతో శ్రద్ధగా లెక్కపెట్టుకున్నాడు. పొద్దు వాలేలోగా నాగళ్లు, గొర్రులు, పలుగులు, పారలు గడప దాటాయి.

ఆ నాగళ్లలో కొన్నిటిని కొట్టులోనే చెదలు తినేశాయి. ఎద్దులు లేనివాళ్లు కాడిని తామే భుజాల మీద వేసుకున్నారు. అప్పటికే నేల బిగుస్తోంది. ఈరమ్మ చేలో విత్తనం పడింది. మొత్తం మీద సగం చేలకు పదును అందింది, సగం చేలకు అందలేదు. ఓబయ్య పార తీసుకోవడానికి ఎవరూ రాకపోతే, ఈరమ్మే తీసుకుపోయి ఆ మోకాలి లోతు గుంట మీద ఇంకాస్త మన్ను వేసి వచ్చింది.

రాజు తిప్పనను బహుమానం లేకుండా పంపలేదు. గడువు దాటిన నగల కుప్పలోంచి బరువైన బంగారు గాజు ఒకటి ఏరి, నిండుకొలువులో స్వయంగా అతని చేతికి తొడగబోయాడు. అది ఆడవాళ్ల గాజు. తిప్పన మెటికల దగ్గరే ఆగిపోయింది. రాజు మళ్లీ నవ్వాడు. తిప్పన దాన్ని కళ్లకద్దుకుని ఉత్తరీయపు కొంగున కట్టుకున్నాడు.

ఆ మరునాటి నుంచి అతను ఆ గాజు పట్టుకుని, ఇది ఎవరిదని అడుగుతూ పల్లె పల్లెకూ తిరిగాడు. పదకొండో రోజున ఒక సాలెవారి ఇంట్లో చౌడమ్మ అనే ఆమె దాన్ని గుర్తుపట్టింది. తొడుక్కుని చూసుకోమ్మా అంటే తొడుక్కుంది. చెయ్యి పైకెత్తగానే అది మోచేతి దాకా జారిపోయింది. ఆమె తన చేతినే కాసేపు వింతగా చూసుకుంది. తరువాత గాజు తీసి అతని ముందు పెట్టి, సంకోచంగా అడిగింది.

“దీన్ని మళ్లీ కుదువ పెట్టుకుంటారా సామీ? ఇంట్లో గింజలు నిండుకున్నాయి.”

తిప్పన ఇంటికి పోయి, తన గాదె తెరిచి, రెండు బస్తాల జొన్నలు ఆమె ఇంటికి పంపాడు. గాజు ఆమె దగ్గరే ఉండిపోయింది. పైకి జరిపి గుడ్డపేలిక చుట్టుకుంటే గాని చేతికి నిలిచేది కాదట. అలా చుట్టుకునే ఆమె మగ్గం దగ్గర కూర్చునేదని ఆ పక్క పల్లెల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.