ఆముదం ఆకు దొంగ

అనగనగా ఒక ఊళ్ళో, ఆముదం చేల పక్కన, నూకాలు అని ఒకావిడ ఉండేది. ఊఁ కొట్టు బంగారూ! నూకాలు కళ్ళు మామూలు కళ్ళా? ఆకాశంలో గద్ద ఎగిరితే దాని కాలిగోళ్ళు లెక్కపెట్టేది. చీమ నవ్వితే పళ్ళు చూసేది!

ఆ నూకాలుకి ఒక లేగదూడ. చేనిగట్టు మీది గడ్డే దానికి తిండి.

ఒకనాడు పొద్దున్నే పక్కచేను గవరమ్మ పార పట్టుకుని వచ్చింది. "ఏవే నూకాలూ, నా ఆముదం ఆకులు జల్లెడలైపోయాయి! ఈ గడ్డిలో ఎగిరే మట్టిరంగు సీతాకోకలే పురుగుల్ని పెడుతున్నాయి. గట్టంతా మొదలంటా చెక్కేస్తాను" అంది.

నూకాలు దూడ వైపు చూసింది. గడ్డి పోతే దూడ ఏం తింటుంది? అయినా బింకం తగ్గలేదు. "మట్టిరంగువన్నీ ఒకటేనా వదినా? అయితే ఊళ్ళో నల్లావులన్నీ నీవేనా? సాయంత్రంలోగా దొంగని చూపిస్తా. చూపించకపోతే గట్టు నేనే చెక్కుతా" అంది.

అప్పుడు గడ్డిలో ఒక మట్టిరంగు సీతాకోక గంతులేస్తూ వచ్చింది. రెక్కల మీద పసుపు అంచు కట్టిన, కళ్ళలాంటి గుండ్రటి మచ్చలు. అది గడ్డిపోచ మీదే గుడ్డు పెట్టింది. "చూశావా? ఇది గడ్డి తిని పెరిగేది. ఆముదం వాసనైనా చూడదు" అంది నూకాలు.

ఆ తర్వాత పొద కిందికి వంగారు. "అదిగో ఇంకో సీతాకోక, ఎండుటాకులా పడుకుంది! ఇదీ గడ్డి తిని పెరిగేదే. పొద్దువాలితే గాని లేవదు" అని నూకాలు వేలితో పొడిచింది. అది నిజంగానే ఎండుటాకు!

గవరమ్మ పకపకా నవ్వింది. "ఓసి గద్దకళ్ళదానా! ఆకునీ ఎగరేస్తావేటి?"

నూకాలు చెవులు ఎర్రబడ్డాయి. కానీ నోరు ఊరుకుంటుందా? "నన్నే బోల్తా కొట్టించిందంటే ఇక దాన్ని తినే పిట్టలెంత వదినా!" అంది. అంతలో ఆ పక్క ఆకు రెక్కలు విప్పి తుర్రుమంది! గవరమ్మ నవ్వు ఆగిపోయింది.

ఆ తర్వాత ఆముదం చేలోకి వెళ్ళారు. ఇటుకరంగుది ఒకటి వచ్చింది. రెక్కల మీద చిన్నపిల్ల మొదటిసారి వేసిన ముగ్గులా వంకరటింకర నల్లగీతలు. రెండుసార్లు రెక్కలాడించి, గాలిలో జారి, ఆముదం ఆకు మీద వాలింది.

"ఊపిరి బిగబట్టు వదినా."

అది తోక వంచింది. ఎగిరిపోయింది. గవరమ్మ ఆకు దగ్గరికి లాక్కుని చూస్తే, నూగు నూగుగా ఒక తెల్లటి గుడ్డు! పక్క ఆకు తిప్పితే ముళ్ళ ముళ్ళ పచ్చ పురుగులు.

"నా చేలోనే ఉందా ఇది!" అని గవరమ్మ పార కింద పడేసింది.

నూకాలు నడుం మీద చెయ్యేసుకుంది. "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను!"

"పట్టావులే మహాతల్లీ! ఇక పురుగులు ఏరు, రా" అంది గవరమ్మ.

ఇద్దరూ చీకటిపడేదాకా ఏరారు. గట్టు మీద దూడ మాత్రం తలెత్తకుండా మేస్తూనే ఉంది.

గడ్డి దూడకి, గంతులు గట్టుకి,
ఆముదం దీపానికి, ఆవులింత నోటికి,
కథ కంచికి, నీ కళ్ళు కునుక్కి!