సూది మీద నలుసు

మూడు రోజులుగా ఝాన్సీకి అన్నం సహించట్లేదు. దిగులుతో కాదు, హుషారుతో.

చీరాలలో సైదులు మాస్టారి రేడియో రిపేరు షాపులో చేరి నాలుగు నెలలైంది. ఇంజినీరింగ్ అయిపోయాక, చేత్తో పని నేర్పండి అంటూ తనే వచ్చింది. ఇన్నాళ్లూ మిక్సీలు, పాత రేడియోలే. సోమవారం మాత్రం జాన్‌బీ గారని డెబ్భై దాటిన ఒకావిడ, కొంగులో చుట్టుకుని ఒక గ్రామఫోన్ రికార్డు తెచ్చింది.

"మా నాయన సన్నాయి ఇది. మద్రాసులో చేయించాడు, ఒక్కటే కాపీ. నాకప్పుడు ఆరేళ్లు, పక్కనే కూచున్నా. వాయించడం అయిపోయాక చివర్లో నన్ను పిలుస్తాడు. ఆ మరుసటేడే పోయాడు. ఆ పిలుపొక్కటి వినిపించండి, చాలు."

మాస్టారు ఒంగోలు బస్సుకి బయల్దేరుతున్నారు. అట్ట కవర్లో ఉన్న రికార్డుని అలాగే బీరువాలో పెట్టారు.

"శుక్రవారం రామ్మా," అని ఆవిడకి చెప్పి, ఝాన్సీ వైపు తిరిగారు. "అమ్మాయ్, మన ప్లేయర్‌కి ప్రీయాంప్ కావాలి. ఏది సరిపోతుందో నువ్వే తేల్చు."

నువ్వే తేల్చు. ఆ మాటకి ఝాన్సీకి కాళ్లు నేలమీద ఆగలేదు.

రికార్డు ప్లేయర్‌లో సూదిని పట్టుకునే చిన్న ముక్కని కార్ట్రిడ్జ్ అంటారు. దాంట్లోంచి వచ్చే సిగ్నల్ మరీ సన్నం. దాన్ని ముందు కాస్త పెంచి, ఆ తర్వాతే యాంప్లిఫయర్‌కి ఇవ్వాలి. ఆ పెంచే పెట్టే ప్రీయాంప్. తక్కువ పెంచితే ఏమీ వినపడదు, ఎక్కువ పెంచితే సన్నాయి చిరిగిపోతుంది.

తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసి, చీరాలలోనే రెండు, బాపట్ల నుంచి ఒకటి, గుంటూరు నుంచి రెండు, మొత్తం ఐదు పెట్టెలు పోగేసింది. ఒక్కోటీ తగిలించడం, జాన్‌బీ గారి రికార్డు పెట్టడం, సూదిని సరిగ్గా చివర్లో దించడం. పిలుపు వినపడాలి కదా, అందుకని చివరే పెట్టి చూసింది. మొదటి పెట్టెలో హుమ్మని ఒకటే మోత. రెండోదాంట్లో దోమ రొదంత. మూడోదాంట్లో, అబ్బ, గొంతు స్పష్టంగా వచ్చింది కానీ వెనకాల జోరుగాలి లాంటి రొద. నాలుగు, ఐదు. మళ్లీ మూడు. మళ్లీ ఒకటి.

గురువారం మధ్యాహ్నం మాస్టారు చెప్పులు విప్పుతుండగానే మొదలెట్టింది.

"మాస్టారూ, మూడోది బాగుంది, కానీ రొద. ఐదోది అందరూ మెచ్చుకున్నదే, కానీ గొంతు పగిలింది. ఇంకోటి విజయవాడలో ఉందట, రేపు పొద్దున్నే..."

"కాస్త ఊపిరి పీల్చుకో తల్లీ. రైలేం పోవట్లేదు." కుండలో నీళ్లు ముంచుకుని తాగారు. "ఎన్నిసార్లు పెట్టావు?"

"పెట్టెకి నాలుగైదు సార్లు. ఇరవై దాటుంటాయి."

"ఏ రికార్డు మీద?"

"ఇదే. జాన్‌బీ గారిదే."

గ్లాసు పక్కన పెట్టారు మాస్టారు. రికార్డుని వెలుతురులోకి తీసి అంచు చూశారు. అంచు దగ్గర నలుపు లేచిపోయి అల్యూమినియం రేకు మెరుస్తోంది. భూతద్దం పెట్టి సూదిని చూశారు. చిన్న కుంచెతో దాని మొన తుడిచి, ఝాన్సీ చెయ్యి పట్టుకుని, కుంచెని ఆమె అరచేతిలో విదిలించారు.

నల్లటి నలుసు. ఆవగింజంత కూడా లేదు.

"ఐదు పెట్టెలు చూశావుగా," అన్నారు. "ఇది ఏ పెట్టెలోంచి వచ్చింది?"

ఝాన్సీ అరచేతిని చూసుకుంది. రేకు అంచు చూసింది. బజార్లో అమ్మే గట్టి రికార్డు కాదది. రేకు మీద పూసిన మెత్తటి పూత. సూది పెట్టిన ప్రతిసారీ కాస్త రాలుతుంది.

నలుసుని జాగ్రత్తగా బల్ల మీది కాగితంలోకి దులిపింది.

"కవరు తీసి చూడకుండా వెళ్లాను. సగం తప్పు నాది," అన్నారు మాస్టారు. అటకమీంచి గీతలు పడ్డ పాత రికార్డు ఒకటి తీసి ముందు పెట్టారు. "అరిగినా ఎవరూ ఏడవరు దీనికి. కానీ ముందొకటి చెప్పు. పెట్టెల కాగితాలన్నీ చదివావు. కార్ట్రిడ్జ్ కాగితం చదివావా?"

చదవలేదు. సొరుగులో వెతికి తీసింది. దాంట్లోంచి వచ్చే సిగ్నల్ అర మిల్లీవోల్టు కూడా లేదు. ఇంత చిన్న గొంతున్న కార్ట్రిడ్జ్ కోసం ప్రీయాంప్‌లో వేరే మీట ఉండాలి. ఐదు పెట్టెల్నీ తిరగేసి చూసింది. రెండోదాని అడుగున ఉంది. దోమ రొదంత వచ్చిందని పక్కన పడేసిన పెట్టె. మీట మామూలు కార్ట్రిడ్జ్‌ల వైపుకి జరిపి ఉంది.

సోమవారమే జరిపి ఉంటే సరిపోయేది.

మీట జరిపి గీతల రికార్డు పెట్టింది. షాపంతా పాట నిండింది. గీతల చప్పుడు గీతల చప్పుడుగా, పాట పాటగా. రొద లేదు. మూడు రోజులు ఎదురుచూసింది ఈ క్షణం కోసమే. గుండె ఎగిరింది, వెంటనే కాగితం మీది నలుసు గుర్తొచ్చింది. ఆ కాగితాన్ని పొట్లం కట్టింది.

శుక్రవారం జాన్‌బీ గారు కొత్త చీర కట్టుకుని వచ్చింది.

"ఒక్కసారే పెడతానండి. ల్యాప్‌టాప్‌లోకి ఎక్కుతుంది. తర్వాత అందులోంచి ఎన్నిసార్లైనా వినొచ్చు," అంది ఝాన్సీ. సూది దించింది.

సన్నాయి లేచింది. జాన్‌బీ గారి వేళ్లు కుర్చీ చేతి మీద సన్నాయి కన్నాలు మూస్తున్నట్టు, తెరుస్తున్నట్టు ఆడాయి. మాస్టారు టంకం కడ్డీ పక్కన పెట్టేశారు. రాగం తగ్గింది, ఆగింది. ఎవరో గొంతు సవరించుకున్నారు.

"అమ్మడూ..."

ఆ తర్వాత గరగర. గరగరలోనే రికార్డు అయిపోయింది.

జాన్‌బీ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, కళ్లు కారుతున్నాయి. "అదే, అదే మా నాయన. తర్వాతేదో అన్నాడే. ఏమన్నాడు?"

ఝాన్సీ మాస్టారి వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"చెప్పులేసుకో, పోదాం, అన్నారండి."

"నాకు వినపడలేదే. నీకెట్లా వినపడిందమ్మా?"

"సోమవారం వినపడింది." పొట్లం విప్పి ఆవిడ చేతిలో పెట్టింది. "మీకంటే ముందు నేను వినేశానండి. ఇరవైసార్లు. అరిగిపోయింది."

జాన్‌బీ గారు ఆ నలుసుని వెలుతురు వైపు పట్టి చూసింది. పొట్లం మడిచి జాకెట్లో దోపుకుంది.

"చెప్పులా," అంది. "గచ్చు చల్లగా ఉందని ఏడ్చాన్లే ఆ రోజు. ఇంకోసారి చెప్పమ్మా. మా నాయన అన్నట్టే చెప్పు."

మళ్లీ వినిపిద్దామని ల్యాప్‌టాప్ వైపు వెళ్తున్న ఝాన్సీ చెయ్యి ఆగింది. తనే చెప్పడానికి ఆవిడ కుర్చీ ముందు నేలమీద కూచుంది.

మాస్టారు లేచి, యాంప్లిఫయర్ ఆపేశారు.