వీరన్న లేనిదే నీలమ్మ రాదు

గడ్డిపాడు జంతువుల పట్నం. మనుషుల పట్నాల్లో ఉన్నవన్నీ అక్కడా ఉన్నాయి. సంత వీధి ఉంది, సభాభవనం ఉంది, అందులో కుర్చీలున్నాయి, ఆ కుర్చీలను వదలని పెద్దలూ ఉన్నారు. ఆ ఏడు ఏరు పొంగి పల్లపు పేటను ఊడ్చుకుపోయింది. కొట్టాలు పోయినవాళ్లు, గూళ్లు పోయినవాళ్లు వచ్చి సంత వీధి అరుగుల పక్కన పడ్డారు. వాళ్లలో గేదె నీలమ్మ ఒకతె.

నీలమ్మది పెద్ద ఒళ్లు, అంతకంటే పెద్ద అభిమానం. కొట్టం కూలిపోయినా ఎవరి గుమ్మం ముందూ తల వంచుకుని నిలబడలేదు. ఇంటింటికీ పాలు పోసి సంపాదించుకున్న గడ్డే తినేది. ఆమె వీపు మీద ఎప్పుడూ వీరన్న అనే ముసలి కొంగ ఉండేవాడు. చూపు ఆనదు గానీ, నీలమ్మ చెవి వెనక పట్టిన పురుగు మాత్రం అతని ముక్కు తప్పించుకునేది కాదు. గూటితో సహా వరదలో పడ్డ వీరన్నను వీపు మీదికి ఎక్కించుకుని ఈదుకొచ్చింది ఆమే.

ఇంతలో తుఫాను వస్తోందని కాకి చాటింపు వేసింది. పురపెద్ద ఏనుగు గంగాధరంగారు మంచివారే. చెవులు ఎంత పెద్దవైనా, పక్కన కూర్చున్నవాళ్ల మాటే ఆయనకు ముందు వినబడేది. ఆయన పాత ధాన్యం గోదామును ఖాళీ చేయించి, నీడ లేని ప్రాణులందరికీ ఇక అదే నీడ అని ప్రకటించారు. చూసుకునే పని నక్క జగ్గప్పకు అప్పగించారు.

ఆ గోదామును చూడగానే జగ్గప్పకు నోరూరింది. ఆ సాయంత్రమే అతని కూతురికి మగపెళ్లివారు దిగుతున్నారు. విడిదికి అంత పొడి చోటు పట్నంలో ఇంకెక్కడా లేదు. ఎవరినీ రావద్దనకూడదు, కానీ ఎవరూ రాకూడదు. బాగా ఆలోచించి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఒక్కొక్కరే రండి. వెంట ఎవరూ, ఏదీ రాకూడదు."

"మరి నా పిల్లలో?" అంది మేక.

"వాళ్లకు వేరే చోటు చూస్తాం, తర్వాత."

మేక పిల్లల్ని వెంటేసుకుని వెనక్కి తిరిగింది. తరవాత తాబేలు వచ్చాడు.

"నీ ఇల్లు నీ వీపు మీదే ఉందిగా తాతా. ఇది ఇల్లు లేనివాళ్లకు."

"డిప్ప పగిలిందయ్యా. వానొస్తే లోపలంతా నీళ్లే."

"బాగు చేయించుకో."

నీలమ్మ వంతు వచ్చింది. "ఏమే నీలీ, ఆ పిట్టను దింపేసి రా" అన్నాడు జగ్గప్ప.

"పిట్ట కాదయ్యా, మా వీరన్న. కళ్లు కనబడవు. బయట వదిలితే గాలికి కొట్టుకుపోతాడు."

"పక్షులకు చెట్లున్నాయిలే."

"నువ్వు లోపలికి పో నీలమ్మా. నా సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు వీరన్న. కాళ్లు మాత్రం ఆమె వీపును వదల్లేదు.

"నువ్వు ఊరుకో. నీళ్లలో వదలనిదాన్ని గాలిలో వదులుతానా?" అని నీలమ్మ వెనుదిరిగింది. ఆమెకు కోపం వచ్చింది, భయమూ వేసింది. రెండూ పైకి కనబడనివ్వలేదు.

మిగతావాళ్లకూ ఇలాగే ఏదో ఒక వంక చెప్పి పంపేశాక, జగ్గప్ప పరుగున సభాభవనానికి వెళ్లాడు. "పిలిచాను, బతిమాలాను. ఒక్కరూ రాలేదండీ. వాళ్లకు వీధే హాయి. ఊరి బయటికి తోలేస్తే వీధైనా శుభ్రపడుతుంది."

"తోలేముందు నేనే ఒకసారి అడుగుతాను" అన్నారు గంగాధరంగారు.

ఆ కబురు కాకి మోసుకొచ్చింది. మేక వెంటనే ఏడుపు గొంతు సవరించుకుంది. "ఎవరూ ఏడవద్దు, ఎవరూ చాడీలు చెప్పద్దు" అంది నీలమ్మ. సభాభవనానికి పాలు పోయడానికి వెళ్లినప్పుడల్లా ఆమె జగ్గప్పను చూస్తూనే ఉంది. పెద్దాయన తొట్టి కట్టించావా అంటే చెరువు తవ్వించానంటాడు. "పెద్దాయన ముందు జగ్గప్ప నోరు ఆగదు. నన్ను మాట్లాడనివ్వండి."

గాలి మొదలయ్యేసరికి పెద్దాయన గోదాము ముందుకు వచ్చి నీలమ్మను పిలిపించారు, పక్కనే జగ్గప్ప. "ఏం నీలమ్మా, పిలిస్తే రాలేదట. మా చోటు నచ్చలేదా?"

"ఎంత మాట బాబూ. జగ్గప్పగారి మనసు ఎంత పెద్దదో తెలియక వెనకాడాం. మీ ముందు ఆయన నోటితో ఒక్కసారి చెబితే మాకు ధైర్యం. ఎవరెవరు రావచ్చండీ?"

జగ్గప్ప తోక పైకి లేచింది. "అదేమిటి నీలమ్మగారూ, ఎవరైనా రావచ్చు."

"వెంట మావాళ్లుంటే?"

నక్క ఓరకంట చూశాడు. పెద్దాయన మెచ్చుకోలుగా తల ఊపుతున్నారు. ఇక నోటికి పగ్గం లేదు. "వెంట ఎవరున్నా సరే, వీపు మీద ఏమున్నా సరే. పెద్దాయన తెరిచిన తలుపండీ ఇది. ఎవరి ముఖం మీదా మూయం."

"బాగుంది. ఇకనుంచి ఇదే ఊరి మాట. చాటించు" అని గంగాధరంగారు కాకికి చెప్పేశారు.

నీలమ్మ వీధి వైపు తిరిగి "రండి" అంది, అంతే. మేక పిల్లలతో వచ్చింది. తాబేలు పగిలిన డిప్పతో వచ్చాడు. అరుగుల పక్కన ఉన్నవాళ్లంతా వచ్చారు. చివరగా నీలమ్మ వీరన్నను వీపున పెట్టుకుని, తల ఎత్తుకుని గడప దాటింది. ఆ నడక చూసి పెద్దాయనే పక్కకు తప్పుకుని దారిచ్చారు. జగ్గప్ప తోక మెల్లగా కిందికి దిగింది.

వాన జోరందుకునే వేళకు డప్పులతో మగపెళ్లివారు దిగారు. తలపాగాలు తడిసి ముక్కుల మీదికి జారాయి. "బావగారూ, మా విడిది ఇదేనా?" అని అడిగాడు పెళ్లికొడుకు తండ్రి.

"విడిదా?" అన్నారు గంగాధరంగారు, చెవులు విప్పారుస్తూ. జగ్గప్ప కాలి గోళ్లతో నేల గీరడం మొదలుపెట్టాడు. పెద్దాయనకు అంతా అర్థమైంది. "నీకు అప్పగించిన పని ఇదా జగ్గప్పా? రేపటినుంచి ఈ తలుపు నీలమ్మ చూసుకుంటుంది" అన్నారు.

"రేపటి మాట రేపు బాబూ, పెళ్లివారు తడిసిపోతున్నారు" అని నీలమ్మ తలుపు బార్లా తీసింది. "లోపలికి రండమ్మా. మీరూ రండి జగ్గప్పగారూ, ఎవరైనా రావచ్చని మీరేగా చెప్పారు."

జగ్గప్ప తల దించుకుని లోపలికి వచ్చి మేకపిల్లల పక్కన ముడుచుకున్నాడు. పెళ్లికొడుకు తల్లి తోక పిండుకుంటూ చుట్టూ చూసింది. "చక్కని చోటు. ఎవరిదమ్మా ఇది?"

"మాది" అంది నీలమ్మ. "ఇలా సర్దుకుని కూర్చోండి."

నీతి: తోడును వదిలి రమ్మనే తలుపు, తెరిచి ఉన్నా మూసినట్టే.